పటాలం వెళ్ళిపోయాక

స్లొవేనియా రాజధాని ల్యుబ్లియానా స్టేషన్‌లో రైలు దిగి, మసారిక్ వీధి పట్టుకుని తూర్పుకి పది నిమిషాలు నడిస్తే మెటెల్కోవా వస్తుంది. బోర్డు కోసం వెతకనక్కర్లేదు. అంతదాకా బూడిదరంగులో బుద్ధిగా నిలబడ్డ భవనాలు ఒక్కసారిగా ఆగిపోతాయి. గోడల మీద పగిలిన పెంకులతో అతికిన బొమ్మలు, తుక్కు ఇనుముతో వెల్డింగ్ చేసిన వింత జీవాలు, కిటికీల చుట్టూ రాక్షసుల నోళ్ళు కనిపిస్తాయి. వాటి కిందే ఒక తల్లి పిల్లాణ్ణి ఉయ్యాల ఊపుతూ ఉంటుంది. నేను మొదటిసారి వెళ్ళింది ఒక శుక్రవారం మధ్యాహ్నం. అదే చోటికి రాత్రి పదకొండింటికి మళ్ళీ వెళ్తే కాలు పెట్టే సందు లేదు. నాలుగు తలుపుల్లోంచి నాలుగు రకాల సంగీతం బయటికి వస్తోంది, వందలమంది కుర్రకారు అరుగుల మీదా మెట్ల మీదా కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది యాత్రికులు చూసేది ఆ రాత్రినే. యూరప్‌లో పేరున్న ‘ప్రత్యామ్నాయ’ పేటల్లో ఇదొకటని విని వచ్చి, ఫొటోలు తీసుకుని, తాగి వెళ్ళిపోతారు. వాళ్ళు కూర్చున్న అరుగు మీద అంతకుముందు దశాబ్దాల తరబడి ఎవరు కూర్చున్నారో తెలిస్తే ఆ రాత్రికి అర్థమే మారిపోతుంది. అందుకే ఈ వెనక్కి చూపు.

పేరుతోనే మొదలుపెడదాం. ఈ వీధికి ఆ పేరిచ్చినవాడు సైనికుడూ కాదు, రాజూ కాదు. ఫ్రాంత్స్ మెటెల్కో (1789–1860) ఒక చర్చి పూజారి, వ్యాకరణవేత్త. స్లొవేనియన్ భాషలోని ధ్వనులన్నిటికీ లాటిన్ అక్షరాలు చాలడం లేదని, 1825లో కొన్ని కొత్త అక్షరాలు కల్పించి తన వ్యాకరణంలో అచ్చువేశాడు. దాని మీద పండితుల మధ్య పెద్ద రగడే జరిగింది. ఆ జాతి మహాకవి ప్రెషెరెన్ కూడా ఆ అక్షరాలను ఎగతాళి చేశాడు. చివరికి 1833లో ఆ లిపిని బళ్ళలో నిషేధించారు. భాష గురించి కొట్టుకున్న అనుభవం తెలుగువాళ్ళకూ ఉంది కాబట్టి ఆ వేడి మనకు అర్థమవుతుంది. నిషేధానికి గురైన అక్షరాలు చేసినవాడి పేరుమీద ఉన్న వీధిలోకి తర్వాత పటాలం వచ్చి కూర్చుంది.

ఇక్కడ బ్యారక్‌లు కట్టాలని వియన్నా నిర్ణయించింది 1882లో. అప్పటికి ల్యుబ్లియానా ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఒక మధ్యతరహా పట్నం. కట్టడాలన్నీ పూర్తయ్యేసరికి 1911 వచ్చింది. మూడేళ్ళకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, 1918లో సామ్రాజ్యమే పోయింది. తర్వాత యుగోస్లావియా అని పేరు మార్చుకున్న రాజ్యం ఏర్పడింది. 1941లో ఈ ఊరిని ఇటలీ ఆక్రమించి, మరుసటి ఏడు ఊరి చుట్టూ ముళ్ళకంచె వేసింది. 1943లో ఇటలీ చేతులెత్తేస్తే జర్మన్లు వచ్చారు. 1945 తర్వాత టీటో నాయకత్వంలోని సోషలిస్టు యుగోస్లావియా. ఇన్ని జెండాలు మారినా ఊరి నడిమధ్య ఈ బ్యారక్‌ల గోడ మాత్రం మారలేదు. కంటోన్మెంట్ గోడ పక్కన బతకడం అంటే ఏమిటో సికింద్రాబాద్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఊరు ఇవతల, సైన్యం అవతల. తలుపు వాళ్ళ చేతిలో, తాళం వాళ్ళ చేతిలో.

ఆ గోడను కదిలించిన చప్పుడు తుపాకీది కాదు, గిటారుది. అతిశయోక్తి అనుకోవద్దు, 1977 అక్టోబరులో పాంకర్టి అనే కుర్రాళ్ళ బృందం ల్యుబ్లియానాలో ఒక హైస్కూలులో పంక్ కచేరీ చేసింది. సోషలిస్టు దేశాల్లో తొలి పంక్ బృందాల్లో వాళ్ళొకరు. 1969 నుంచే విద్యార్థులు నడుపుతున్న రేడియో ష్టుదెంట్ ఆ పాటలను ప్రసారం చేసింది. విద్యార్థి సాంస్కృతిక కేంద్రం ష్కుత్స్ ప్రదర్శనలకు చోటిచ్చింది. 1980ల మొదట్లో హాస్టళ్ళ కింద ఎఫ్‌వి డిస్కో నడిచింది. గని కార్మికుల పట్నం త్రబోవ్ల్యెలో 1980లో పుట్టిన లైబాఖ్ బృందానికి తమ పేరుతో ల్యుబ్లియానాలో కచేరీ చేసే హక్కు 1983 నుంచి నాలుగేళ్ళు లేకుండా పోయింది. ఈ కుర్రాళ్ళకు పాడుకోవడానికి చోటు దొరికేది, నాలుగు నెలలకే పోయేది. ఇంకోచోట మొదలుపెట్టేవాళ్ళు. చోటు దొరకని తరం అది. తర్వాత మెటెల్కోవాలోకి వచ్చి పడిన ఆకలి అప్పుడు పుట్టిందే.

అదే దశాబ్దంలో ఇంకో పాయ. 1984లో ష్కుత్స్ ఆధ్వర్యంలో మాగ్నుస్ పేరుతో ఒక ఉత్సవం జరిగింది. స్వలింగ ప్రేమ గురించి కమ్యూనిస్టు పాలనలో ఉన్న దేశంలో బాహాటంగా జరిగిన తొలి ఉత్సవం అది. అందులోంచి వచ్చిన సినిమాల పండగ ఇప్పటికీ ఏటా నడుస్తోంది, యూరప్‌లో ఈ కోవకు చెందిన చలనచిత్రోత్సవాల్లో అదే పాతది. 1987లో మహిళల విభాగం కూడా మొదలైంది. వీళ్ళతోపాటే శాంతి ఉద్యమం వాళ్ళు. నిర్బంధ సైనికసేవ ఉన్న దేశంలో, ‘తుపాకీ పట్టను’ అనే హక్కు కోసం అడిగినవాళ్ళు. పంక్‌లు, శాంతివాదులు, స్త్రీవాదులు, స్వలింగ ప్రేమికులు, తత్వశాస్త్రం చదివే విద్యార్థులు – ఎవరి దారి వాళ్ళదే అయినా, వాళ్ళ పత్రిక ఒకటే. అది ‘మ్లాదినా’ వారపత్రిక.

సైన్యాన్ని విమర్శించినందుకు 1988లో ఆ పత్రిక మీద దెబ్బ పడింది. మ్లాదినాలో రాసే యానెజ్ యాన్షా, పత్రికలో పనిచేసే దవీద్ తాసిచ్, ఫ్రాంత్సి జావర్ల్, సైన్యంలోనే ఉద్యోగి ఇవాన్ బోర్ష్ట్‌నర్ – నలుగురినీ సైనిక రహస్యాలు బయటపెట్టారని పట్టుకుని, సైనిక కోర్టులో తలుపులు మూసి విచారించారు. విచారణ వాళ్ళ సొంత భాష స్లొవేనియన్‌లో కాక సెర్బో-క్రొయేషియన్‌లో నడిచింది. జనానికి అన్నిటికంటే మండింది అక్కడే. మా ఊళ్ళో, మా మనుషుల్ని, మాది కాని భాషలో విచారిస్తారా అన్నారు. జూన్‌లో కాంగ్రెస్ చౌక్‌లో వేలమంది గుమిగూడారు. మానవహక్కుల రక్షణ కమిటీకి లక్షదాకా సంతకాలు వచ్చాయి. యాన్షాను నిర్బంధించింది మెటెల్కోవా సైనిక జైల్లోనే. ఊళ్ళోవాళ్ళు ఆ గోడవైపు అంతకుముందు భయంతో చూసేవాళ్ళు, ఆ వేసవినుంచి కోపంతో చూడటం మొదలుపెట్టారు.

తర్వాతి సంగతులు త్వరగా జరిగిపోయాయి. 1990లో శాంతి ఉద్యమకారులూ విద్యార్థి సాంస్కృతిక సంఘాలూ కలిసి ‘మెటెల్కోవా కోసం’ అని ఒక కూటమి కట్టారు. 200కు పైగా సంఘాలు చేరాయి. సైన్యం ఇంకా లోపలే ఉంది, దేశం ఇంకా విడిపోలేదు. అయినా వీళ్ళ అర్జీ సిద్ధం: సైన్యం వెళ్ళిపోగానే ఈ బ్యారక్‌లు కళలకూ, సామాజిక సంస్థలకూ ఇవ్వండి. 1991 జూన్ 25న స్లొవేనియా స్వాతంత్ర్యం ప్రకటించింది, 27న యుద్ధం మొదలైంది, పది రోజుల్లో ముగిసింది. అక్టోబరు నెలాఖరుకి యుగోస్లావ్ సైన్యం దేశం వదిలి వెళ్ళింది. ఆ చోటు ఇస్తామని నగరపాలక సంస్థ మాట ఇచ్చింది. కాగితం మాత్రం కదల్లేదు. ఒక ఏడు పోయింది, రెండో ఏడూ పోయింది. ఖాళీ భవనాలు గాలికీ వానకీ పాడవుతున్నాయి. నగరం నడిబొడ్డున సుమారు 12,500 చదరపు మీటర్ల స్థలం, ఏడు భవనాలు. అంత నేల ఖాళీగా ఉంటే దాని మీద ఎవరెవరి కళ్ళు పడతాయో ఏ ఊరివాళ్ళయినా ఊహించగలరు.

1993 సెప్టెంబరులో ఒకరోజు, ఎవరికీ చెప్పకుండా, బుల్డోజర్లు వచ్చి కూల్చడం మొదలుపెట్టాయి. వార్త పాకింది. సెప్టెంబరు 10 రాత్రి రెండువందల మంది దాకా లోపలికి వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళ దగ్గర ఆయుధాల్లేవు, పరుపుల్లేవు. కిటికీలు ఊడిన గదుల్లో, ఇటుక పొడి మీద పడుకున్నారు. కూల్చాలంటే మమ్మల్ని తొలగించి కూల్చండి అన్నదే వాళ్ళ మాట. నగరం వాళ్ళ మీద బలప్రయోగం చేయలేదు కానీ కరెంటు పీకేసింది, నీళ్ళు ఆపేసింది. చలికాలం వస్తోంది. ల్యుబ్లియానా లోతట్టు ఊరు. అక్కడ నవంబరులో పొగమంచు దిగితే రోజుల తరబడి కదలదు. కొవ్వొత్తుల వెలుతురులో నాటకాలు ఆడారు, ప్రదర్శనలు పెట్టారు, ఉపన్యాసాలు ఇచ్చారు. ‘మేం ఇల్లు లేక రాలేదు, పని చేసుకోవడానికి చోటు లేక వచ్చాం’ అని చూపించడానికి వాళ్ళకు దొరికిన దారి అదొక్కటే. అప్పటి ఆ పట్టుదలే లేకపోతే ఇవాళ అక్కడ ఒక వాణిజ్య సముదాయమో పార్కింగ్ స్థలమో ఉండేదని నా గట్టి నమ్మకం. మెటెల్కోవాని వాళ్ళకు ఎవరూ ఇవ్వలేదు. ఇస్తామన్నవాళ్ళు ఇవ్వకపోతే తీసుకున్నారు.

అయితే తీసుకున్నదాన్ని నిలబెట్టడం అంతకంటే కష్టం. ఇక్కడి ఇళ్ళ పేర్లు చూస్తే వాళ్ళు చరిత్రను ఎలా పట్టుకున్నారో తెలుస్తుంది. ఒక భవనం పేరు ఇప్పటికీ ‘పెషాకి’, అంటే కాల్బలం. ఇంకొకటి ‘హ్లెవ్’, పశువుల కొట్టం. మరొకటి ‘గరాజె’. సైన్యం కాలంనాటి పేర్లను వాళ్ళు చెరపలేదు. కాల్బలం గదుల్లో చిత్రకారులు, శిల్పులు, బొమ్మలాటవాళ్ళు వర్క్‌షాపులు పెట్టుకున్నారు. అల్కాట్రజ్ అనే గ్యాలరీ ఉంది. కచేరీలకు గాలా హాలా, చానెల్ జీరో, గ్రోమ్కా ఉన్నాయి. ‘మెన్జా ప్రి కొరీతు’ అనే ఇంకో క్లబ్బు ఉంది, ‘తొట్టి దగ్గరి మెస్సు’ అని అర్థం. వికలాంగుల హక్కుల కోసం పనిచేసే వైహెచ్‌డి అనే సంఘం కూడా మొదటినుంచీ ఇక్కడి జీవితంలో భాగమే. వికలాంగులు తమకు సాయం చేసే మనిషిని తామే ఎంచుకుని, సొంత ఇంట్లో బతికే హక్కు కోసం వాళ్ళు పోరాడారు. మెటెల్కోవా అంటే తాగుడూ గంతులూ అనుకునేవాళ్ళకు ముందు చెప్పాల్సిన సంగతి ఇదే.

టిఫనీ, మోనోకెల్ అనే రెండు చిన్న క్లబ్బుల గురించి విడిగా చెప్పాలి. మొదటిది స్వలింగ ప్రేమికులైన మగవాళ్ళది, రెండోది ఆడవాళ్ళది. 1984 నాటి మాగ్నుస్‌కి ఇక్కడ ఇల్లు దొరికింది. బయట ఇంట్లో, ఆఫీసులో నోరు మెదపలేని మనిషి, వారానికి ఒక్క రాత్రి తన పేరుతో తాను ఉండగలిగే గది ఇది. 2000 నుంచి మార్చి 8 దరిదాపుల్లో ‘ర్దేచె జోరె’, అంటే ఎర్రని తెల్లవారుజాములు, అనే స్త్రీవాద ఉత్సవం ఇక్కడ జరుపుతున్నారు. బయట ప్రజాభిప్రాయ సేకరణల్లో 2012లోనూ, 2015లోనూ స్లొవేనియా ఓటర్లు సమాన హక్కుల చట్టాలను తోసిపుచ్చారు. 2022 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం స్వలింగ వివాహాన్ని నిరాకరించడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఒకప్పటి కమ్యూనిస్టు తూర్పు యూరప్‌లో ఆ హక్కు ఇచ్చిన తొలి దేశం స్లొవేనియా. మాగ్నుస్ నుంచి ఆ తీర్పు దాకా 38 ఏళ్ళు. ఆ మధ్యకాలమంతా ఈ రెండు గదుల్లో దీపం వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు జైలు దగ్గరికి వద్దాం. నా మనసు ఎక్కువసేపు ఆగింది అక్కడే. సైనిక జైలు భవనం మొదట్లో శిథిలంగా ఉండేది. దాన్ని కూల్చనీయకుండా కళాకారులు కాపాడారు. తర్వాత ఎన్నో ఏళ్ళు పనిచేసి, 2003లో ‘త్సెలిత్సా’ పేరుతో హాస్టల్‌గా తెరిచారు. త్సెలిత్సా అంటే చిన్న గది, జైలు గది. మొత్తం 20 గదులు. ఒక్కోదాన్నీ వేరువేరు కళాకారులు రూపకల్పన చేశారు. 80 మందికి పైగా ఈ పనిలో చేయివేశారు. పై అంతస్తులో నడవాలో నిలబడి చూస్తే, గదుల తలుపులకు పాత ఇనుప ఊచలు అలాగే ఉన్నాయి. ఊచల వెనక ఇంకో తలుపు, చెక్కది, రాత్రి పడుకునేవాళ్ళు లోపలినుంచి గడియ పెట్టుకునేది. ఆ రెండు తలుపుల మధ్య జానెడు జాగా. జైలు తలుపుకు గడియ ఎప్పుడూ బయటే ఉంటుంది కదా. ఇక్కడ అది లోపలికి మారింది. ఈ భవనానికి జరిగిన మార్పంతా ఆ గడియలో ఉంది. గోడలు దళసరి, కిటికీలు చిన్నవి. ఒక గదిలో మంచాన్ని పైకెత్తి అటకలా కట్టారు, ఇంకో గదిలో గుండ్రంగా చెక్కారు. నిద్రపట్టని మనిషి పైకప్పు వైపు చూస్తాడని తెలిసినవాళ్ళు చేసిన పని అది. వేరే భాషలవాళ్ళు, వేరే దేశాలవాళ్ళు ఇక్కడ పడుకుని పొద్దున్నే రైలెక్కి వెళ్ళిపోతారు. కింద అన్ని మతాలవాళ్ళూ కూర్చుని మౌనంగా ప్రార్థించుకోవడానికి ఒక చిన్న గది ఉంచారు. ఏకాంత నిర్బంధం గదుల్ని మాత్రం ముట్టుకోకుండా వదిలారు, చూడాలనుకునేవాళ్ళకు చూపిస్తారు. నేను లోపల ఒక నిమిషం నిలబడి బయటికి వచ్చాను. అంతకంటే ఎక్కువ ఉండలేకపోయాను.

దక్షిణం వైపు కథ వేరు. బ్యారక్‌లలో ఆ సగాన్ని ప్రభుత్వం తీసుకుని మ్యూజియంలకు ఇచ్చింది. మానవజాతి శాస్త్ర మ్యూజియం వచ్చింది. 2011 నవంబరులో సమకాలీన కళా మ్యూజియం తెరిచారు. 1960ల తర్వాతి తూర్పు యూరప్ కళను ఒకచోట చేర్చిన ‘ఆర్ట్ఈస్ట్ 2000+’ సేకరణ అందులోనే ఉంది. బాగా శుభ్రం చేసిన గ్రానైట్ చౌకు, నిటారు గాజు గోడలు. నాలుగు అడుగులు ఉత్తరానికి వేస్తే రంగుల అల్లకల్లోలం. ఒకే బ్యారక్‌లకు రెండు భవిష్యత్తులు పక్కపక్కనే నిలబడ్డాయి. రెండూ అవసరమే అంటాను. కానీ మ్యూజియం లోపల భద్రంగా వేలాడే బొమ్మ ఒకప్పుడు ఇలాంటి పైకప్పు కారే గదిలోనే పుట్టిందని మ్యూజియంకి వెళ్ళేవాళ్ళు మరచిపోకూడదు.

చట్టం మెటెల్కోవా మీద చేయి వేయకుండా ఊరుకోలేదు. 2006 ఆగస్టులో ‘మాలా షోలా’, అంటే చిన్న బడి, అనే కట్టడాన్ని అనుమతి లేదని అధికారులు కూలగొట్టారు. అదే సంవత్సరం మార్చిలో, ల్యుబ్లియానిత్సా నది ఒడ్డున మూతబడిన రోగ్ సైకిళ్ళ ఫ్యాక్టరీని ఇంకో తరం కుర్రాళ్ళు మెటెల్కోవా దారిలోనే ఆక్రమించారు. పదిహేనేళ్ళు స్కేటింగ్, సర్కస్, శరణార్థుల వంటశాల అన్నీ అందులో నడిచాయి. 2021 జనవరి 19 తెల్లవారుజామున ప్రైవేటు సెక్యూరిటీని పంపి అందరినీ ఖాళీ చేయించి, వెంటనే కూల్చివేత మొదలుపెట్టారు. 2023లో అక్కడ నగరపాలక సంస్థ సొంత సృజనాత్మక కేంద్రం తెరిచింది. భవనం అందంగానే ఉంది, పరికరాలు బాగున్నాయి. కానీ సర్కస్ నేర్చుకున్నవాళ్ళూ, కాగితాలు లేక అక్కడ భోంచేసినవాళ్ళూ అందులో లేరు. ఆ ఖాళీ చేయించిన పద్ధతిని నేను సమర్థించలేను.

యూరప్‌లో మిగిలిన అన్నదమ్ములు ఏమయ్యారో కూడా చెప్పుకోవాలి. కోపెన్‌హాగెన్‌లో క్రిస్టియానియా 1971లో, అది కూడా ఖాళీ సైనిక బ్యారక్‌లలోనే మొదలైంది. అక్కడివాళ్ళు చివరికి ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చి, ఒక ఫౌండేషన్ పేర కొనుక్కున్నారు. గంజాయి ముఠాల హత్యలతో విసిగి, 2024 ఏప్రిల్‌లో ఆ అమ్మకాలు జరిగే వీధిలోని రాళ్ళను వాళ్ళే పెకలించారు. బెర్లిన్‌లో తాఖెలెస్ 1990లో పుట్టి 2012లో మూతబడింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కలంతా ఖరీదైన ఇళ్ళు, ఆఫీసులు. డబ్బు వచ్చి మింగిన చోటు అది. ఈ రెంటి మధ్య మెటెల్కోవా ఉంది. కొనుక్కోలేదు, అమ్ముడుపోలేదు. యజమాని ఒక్కడంటూ లేని చోట గొడవలు తప్పవు. చప్పుడు గురించి, చెత్త గురించి, ఎవరి గది ఎవరికన్నదాని గురించి అక్కడివాళ్ళు గంటలకొద్దీ కూర్చుని మాట్లాడుకుంటారు. విసుగు పుట్టించే ఆ సమావేశాలే ఈ చోటిని ఇన్నాళ్ళు కాపాడాయని నా అభిప్రాయం.

చివరి పెద్ద తాకిడి 2020 అక్టోబరులో వచ్చింది. ఆవరణను ఆనుకుని ఉన్న మెటెల్కోవా 6 భవనంలో శాంతి సంస్థతో సహా దాదాపు 18 స్వచ్ఛంద సంస్థలు ఉండేవి. ఖాళీ చేయమని సాంస్కృతిక శాఖ నోటీసు ఇచ్చింది. అప్పటి ప్రధానమంత్రి యానెజ్ యాన్షా. 1988లో ఈ గోడల లోపల నిర్బంధంలో ఉన్నది ఆయనే, ఆయన విడుదల కోసం వీధిలో నిలబడ్డది ఈ సంస్థలు పుట్టిన ఉద్యమమే. ఈ సంగతి చదివినప్పుడు నాకు కలిగింది బాధే. ఆ సంస్థలు వెళ్ళలేదు. ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా అప్పటికే ప్రతి శుక్రవారం సైకిళ్ళ మీద నిరసన తెలిపేవాళ్ళతో ఊరు నిండిపోతోంది. 2022 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది.

ఏటా సెప్టెంబరులో మెటెల్కోవా తన పుట్టినరోజు చేసుకుంటుంది. 2023తో 30 ఏళ్ళు నిండాయి. ఇప్పుడు దీనికి పొంచి ఉన్న ముప్పు బుల్డోజర్ కన్నా యాత్రికుల రద్దీయే అని నాకనిపిస్తుంది. రాత్రి వచ్చి, కుర్రాళ్ళ ముఖాల మీద ఫ్లాష్ కొట్టి, గోడకు ఆనుకుని మూత్రం పోసి పోయేవాళ్ళకు ఇది ఒక వినోదం. ఇక్కడ పనిచేసుకునే శిల్పికి ఇది ఆఫీసు, టిఫనీకి వచ్చే మనిషికి ఇది ఇల్లు. యూరప్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు సెలవులకు వెనిస్, వియన్నా నుంచి ల్యుబ్లియానాకు రావడం సులభమే. వస్తే ముందు మధ్యాహ్నం రండి. వర్క్‌షాపుల తలుపులు తెరిచి ఉన్నప్పుడు, అడిగి లోపలికి వెళ్ళి, చేసేవాళ్ళతో మాట్లాడండి. త్సెలిత్సాలో ఆ రెండు తలుపుల మధ్య నిలబడి చూడండి. రాత్రి కచేరీకి టికెట్ కొనండి. మనుషుల ఫొటోలు మాత్రం వాళ్ళను అడగకుండా తీయకండి.